మూడు, ఎనిమిది

ముప్పై ఏండ్లు మర్రిగూడల డాకు సంచి మోసిన.
ఒక్క కవరు విప్పి చూసినోణ్ని కాదు.
కార్డు వేరు.
కార్డుకు తలుపు లేదు,
పదిహేను పైసల కాగితం
వాకిట్ల నిలబడ్డ మనిషి లెక్క,
కండ్లు పడనే పడతయి.

వడ్ల కొమురాచారి కార్డుల మీద
మంచీ చెడ్డా ఉండకపోయేది.
నాలుగు అంకెలు, ఏ గడిల నుంచి ఏ గడిలకు.
కింద సంతకం.
గద్వాల గూడ్సు క్లర్కు ముజఫర్ సాబు నుంచి
మళ్ల నాలుగు అంకెలు. కింద సలాం.
ఒకరి మొఖం ఒకరు ఎరగకుండ
రెండేండ్లు కొట్లాడిండ్రు.

మా ఊరి నీళ్లు తాగి తాగి
కొమురాచారి మెడ వంగి అట్లనే బిగుసుకున్నది.
మొగులు చూడాల్నంటే మంచంల ఎల్లెల్కల పండాలె.
"నాకేం తక్కువరా,
చదరంగం బల్ల కిందనే ఉంటది గద" అనేటోడు.
వేపచెక్కతోని ఆయన చెక్కిన పావులల్ల
గుర్రాలకు మాత్రం
మెడలు నిటారు.

బాడిశ పక్కకు పెట్టి పాత ఆటలు చెప్పేది.
ఆ పేర్లకు నోరు తిరగదు, తనే పేర్లు పెట్టుకున్నడు.
లండన్ల రెండేనుగులను, మంత్రిని ధారపోసి
రెండు గుర్రాలు, ఒక ఒంటెతోని
రాజును కట్టేసినాయన, కర్ణుడు.
ప్యారిస్ల నాటకశాలల పాట వినుకుంటనే
ఇద్దరు దొరలను ఒక్కడే మాత్ చేసినోడు,
చిన్నపిలగాడు.
ఇంకొకడు పంజాబు నౌకరు,
దొర వెంట సీమకు పోయి
మూడుసార్లు ఆ దేశాన్నే గెలిచినోడు.
"వీనికి పేరు పెట్టను.
నౌకరనే అందాం. గెలిచినోళ్లకు గుర్తుండాలె."

ఇన్ని ఇన్నంక ఆట రాకుంటదా?
వచ్చింది. వచ్చే నన్ను చెడగొట్టింది.

ఒక మంగళారం డబ్బాల కార్డు:
1636.
పోస్టాఫీసు అరుగు మీద సుద్దతోని గళ్లు గీసి చూసిన.
ఏనుగు నడుచుకుంట పోయి
బంటు నోట్ల నిలబడ్డది!
ముసలాయన చెయ్యి వణికిందనుకున్న.
మెడనొప్పికి రాత్రంత నిద్రలేక
ఒకటి తలిచి ఒకటి రాసిండనుకున్న.
మూడును ఎనిమిది చెయ్యనీకి ఎంత పని,
రెండు వంకలు.
చేసిన.
ముద్ర ఎత్తి దబ్బున గుద్దిన.
నా తప్పు మీద సర్కారు తారీకు పడ్డది.

పదకొండో దినం జవాబు:
మీ 1686 ముట్టింది, అని మొదలు.
కొమురాచారి చదివిండు. మళ్లొకసారి చదివిండు.
బల్ల మీద మూడో గడిల ఉన్న ఏనుగును
ఒక్క వేలుతోని మెల్లగ నూకుకుంట
ఎనిమిదో గడిల ఆపిండు.
తల ఎత్తరాదు గద, నా మొఖం చూడలే.
నా కాళ్లను చూసిండు,
శానసేపు.
"చాయ తాగి పో" అన్నడు.

ఆట ఎటూ తేలకుండ ముగిసింది.
గద్వాల నుంచి ఆఖరి కార్డుల
అంకెలు లేవు:
"బాగ ఆడినం. ఆ ఏనుగు ఎందుకు జంకిందో
ఇప్పటికీ సమజ్ కాలే."
దానికి కొమురాచారి రాసింది కూడ నేనే మోసిన:
"తొవ్వల వాగొచ్చింది సాబ్."

ఆయన పోయినంక ఆ బల్ల నాకొచ్చింది.
పింఛను మనిషిని, పొద్దు పోదు.
ఏనుగును మూడుల పెడత.
బంటు తింటది. రెండోది కూడ ఇచ్చేస్త.
సాబు దిక్కు కూసొని ఎన్ని తీర్ల తప్పించజూసినా
తొమ్మిదో ఎత్తుకు
వంకర మెడ మనిషి చెక్కిన గుర్రం
మెడ నిటారుగ పెట్టి వచ్చి నిలబడతది.
మాత్.

ఏ పుస్తకంల లేదు ఈ ఆట.
కార్డు మీద కూడ లేదు, అక్కడ ఎనిమిదే ఉంది.
రోజూ ఒకసారి ఆడుత.
కిందికి చూసీ చూసీ మెడ పడతది.
పట్టనీ.